పాత కారు ఆయిల్ కారుతోందా? గేర్‌బాక్స్ దింపే ముందు ఇలా చూడండి

పదేళ్లు దాటిన కారు కింద నల్లటి చుక్కలు కనిపించగానే మనలో చాలామంది చేసేది ఒకటే. దగ్గర్లోని గ్యారేజీలో బండి అప్పజెప్పి, 'ఆయిల్ లీకవుతోంది, చూడండి' అని చెప్పి ఆఫీసుకు వెళ్లిపోతాం. మధ్యాహ్నానికి ఫోన్ వస్తుంది: "సార్, గేర్‌బాక్స్ దింపాలి, రెండు రోజులు పడుతుంది." అది నిజమే కావచ్చు. కానీ మరక ఎక్కడ పడిందో చూసి లీకు ఎక్కడుందో చెప్పలేం. ఇంజన్ పైభాగంలో కారిన ఆయిల్ బ్లాక్ మీదుగా జారుతుంది, బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుంటుంది, చివరికి గేర్‌బాక్స్ కింద బొట్టుగా వేలాడుతుంది. అందుకే కొన్ని వందల రూపాయల రబ్బరు ప్యాకింగ్‌తో అయిపోయే పనికి వేలు పోసి, బండి ఇంటికొచ్చిన వారానికే మళ్లీ అదే మరక చూసేవాళ్లు ఉన్నారు.

కాబట్టి చోటు తేలాకే స్పానర్ పట్టాలి. ఆ చోటు వెతికే పని మీరే చేసుకోవచ్చు. దానికి మెకానిక్ అయి ఉండక్కర్లేదు, ఓ ఆదివారం ఉదయం చాలు.

బండి నడపొచ్చా, ఆపేయాలా?

అన్నిటికన్నా ముందు డిప్‌స్టిక్ తీయండి. బండి సమతలంగా ఉన్న చోట నిలబెట్టి, ఇంజన్ ఆపి, ఓ పది నిమిషాలు ఆగండి. ఆయిలంతా ఇంజన్ అడుగున ఉండే తొట్టి, అంటే ఛాంబర్‌లోకి దిగాలి. బెంగళూరు వీధుల్లో చదునైన చోటు దొరకడం కష్టమే, ఇంటి ముందు కొద్దిపాటి వాలు ఉన్నా లెవెల్ తప్పుగా చూపిస్తుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ అయితే ర్యాంపుకు దూరంగా చూసుకోండి. డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ పూర్తిగా దించి, బయటికి తీసి చూడండి. చాలా చిన్న కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా ముప్పావు లీటరు నుంచి ఒక లీటరు దాకా ఉంటుంది. ఆయిల్ కింది గీతకు దిగువన ఉంటే పోసేదాకా బండి కదపకండి. పోసేటప్పుడు కొంచెం కొంచెంగా పోసి చూసుకోండి. పై గీత దాటేలా పోస్తే ఇంజన్ అడుగున తిరిగే ఇరుసు (క్రాంక్‌షాఫ్ట్) ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఉన్న లీకు కూడా ఎక్కువవుతుంది.

ఆ రోజు చూసిన లెవెల్‌ని, ఓడోమీటర్ అంకెతో సహా రాసిపెట్టుకోండి. ఎన్ని కిలోమీటర్లకు ఎంత తగ్గిందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. నెలకు రెండు మూడు చుక్కలు కారే బండి వేరు, వారానికి అర లీటరు తాగే బండి వేరు.

మూడు సందర్భాల్లో మాత్రం ఇంకేమీ ఆలోచించకండి. నడుస్తుండగా ఆయిల్ క్యాన్ బొమ్మ ఉన్న ఎర్ర లైటు వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపాలి. అది లెవెల్ తగ్గిందని చెప్పే లైటు కాదు, ప్రెషర్ లేదని చెప్పే లైటు. 'ఇంకో రెండు కిలోమీటర్లే కదా' అని తోలితే బేరింగులు పోతాయి. రెండోది, బానెట్ సందుల్లోంచి పొగ, కాలిన ఆయిల్ వాసన. వేడెక్కిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద ఆయిల్ పడితే మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. మూడోది, చుక్కలుగా కాక ధారగా కారడం. ఈ మూడింటిలో ఏది జరిగినా టోయింగ్ బండి పిలిపించండి.

కారుతున్నది ఇంజన్ ఆయిలేనా?

ఆన్‌లైన్ ఆర్డర్‌తో వచ్చిన అట్టపెట్టె ఒకటి విప్పి, రాత్రికి ఇంజన్ కింద పరవండి. అట్ట మీద ముందు చక్రాలు ఎక్కడున్నాయో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. పొద్దున చుక్కల రంగు, చోటు రెండూ తెలుస్తాయి.

తేనె రంగు నుంచి నలుపు దాకా ఏదైనా అయి, వేళ్ల మధ్య జారుతుంటే ఇంజన్ ఆయిల్. పచ్చగా, ఎర్రగా, గులాబీ రంగులో నీళ్లలా ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. చక్రం లోపలి వైపు పల్చగా తడి కనిపిస్తే బ్రేక్ ఫ్లూయిడ్ కావచ్చు, అప్పుడు లీకు సంగతి పక్కనపెట్టి బ్రేకులు చూపించుకోవాలి. చిక్కగా ఉండి ఘాటైన గంధకం వాసన వస్తే గేర్ ఆయిల్. ఏసీ వేసి వచ్చాక ఎడమ వైపు కారే శుభ్రమైన నీళ్లకు కంగారు పడక్కర్లేదు.

అట్ట మీద ఒక్క చుక్కా లేకుండా లెవెల్ మాత్రం తగ్గుతుంటే ఆయిల్ లోపలే కాలుతోందేమో చూడాలి. ఉదయం స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుందా అని గమనించండి. వస్తే అది వాల్వ్ సీల్సో పిస్టన్ రింగులో. ఆ పని వేరు.

కడగకుండా వెతకొద్దు

ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు, దుమ్ము కలిసిన ఇంజన్ మీద కొత్త తడి ఎక్కడిదో ఎవరికీ కనిపించదు. మెకానిక్‌కి కూడా కనిపించదు. అందుకే కడిగించుకోకుండా ఎవరు ఏ చోటు చూపించినా అది ఊహే.

ఇంజన్ పూర్తిగా చల్లారాక పని మొదలుపెట్టండి. ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్స్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), గాలి పీల్చే పైపు మూతి, డిస్ట్రిబ్యూటర్ ఉంటే అదీ ప్లాస్టిక్ కవర్లతో గట్టిగా చుట్టండి. డీగ్రీజర్ స్ప్రే కొట్టి పది నిమిషాలు నానబెట్టి, పాత పెయింట్ బ్రష్‌తో మూలమూలలా రుద్దండి. తర్వాత తడిగుడ్డతో తుడవడమో, తక్కువ ప్రెషర్‌తో నీళ్లు పోయడమో చేయండి. పెట్రోల్‌తో మాత్రం కడగొద్దు. వాటర్ వాష్ సెంటర్‌లో చేయిస్తే దగ్గరుండి చూసుకోండి, అక్కడి ప్రెషర్ పైపు కనెక్టర్లలోకి నీళ్లు తోస్తుంది. ఇంజన్ సరిగా మండక కుదుపులిచ్చే మిస్‌ఫైర్ అనే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

ఇంకో మాట. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఈ పని చేయకండి. ఆ జిడ్డునీళ్లు డ్రైనేజీలోకి, అక్కణ్నుంచి రాజకాలువలోకి (వాననీళ్లు పోయే పెద్ద కాలువ), చెరువులోకి పోతాయి. బెళ్లందూరు చెరువులో నురగ, మంటలు చూసిన ఊరు ఇది. మన వంతు జిడ్డు కూడా దానికి చేర్చక్కర్లేదు.

ఆరాక అనుమానం ఉన్న జాయింట్ల మీద ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. ఓ ఇరవై నిమిషాలు బండి తోలి వచ్చి చూస్తే, ఆయిల్ ఊరిన చోట తెల్ల పౌడరు మీద గోధుమ రంగు చార స్పష్టంగా కనిపిస్తుంది. డబ్బు ఖర్చు లేని ఈ చిట్కా చాలా బండ్లలో పనిచేస్తుంది. పౌడరుతో తేలకపోతే ఆయిల్‌లో కలిపే ఫ్లోరోసెంట్ డై, యూవీ లైటు ఉన్న గ్యారేజీని అడగండి.

పై నుంచి కిందికి, ముందు నుంచి వెనక్కి

వెతికేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే: తడి ఉన్న వాటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటే లీకు. దాని కింద ఎంత తడిగా ఉన్నా అది జారి వచ్చిందే.

ఇంజన్ ఆపి, కాస్త చల్లారనిచ్చి, టార్చి పట్టుకుని ట్యాపెట్ కవర్ దగ్గర మొదలుపెట్టండి. ఇంజన్ నెత్తిన ఉండే మూత అది. దాని చుట్టూ ఉన్న ప్యాకింగ్ ఏళ్ల వేడికి గట్టిపడుతుంది. సిల్క్ బోర్డు దగ్గరో మారతహళ్లి దగ్గరో ట్రాఫిక్‌లో గంటల కొద్దీ పాక్కుంటూ వెళ్లే బండ్లకు ఆ వేడి ఇంకా ఎక్కువ. ముందు వైపు పొడిగా ఉంది కదా అని వదిలేయకండి. ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ, మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడ) వైపు, కంటికి కనపడని వెనక అంచు కింద వేలు పెట్టి మెల్లగా జరపండి. వేలికి నల్లటి తడి అంటుకుంటే చోటు దొరికినట్టే. చెయ్యి పట్టని చోట మొబైల్‌ని సెల్ఫీ కెమెరాతో వీడియో ఆన్ చేసి దించండి. స్పార్క్ ప్లగ్గుల గుంటల్లో ఆయిల్ నిండి ఉంటే అదీ ఈ కవర్ సీల్స్ పనే.

పైన పొడిగా ఉంటే కొంచెం దిగండి. కార్బురేటర్ కాలం బండ్లలో డిస్ట్రిబ్యూటర్ మొదట్లో ఒక ఓ-రింగు ఉంటుంది, అది ఎండిపోతే ఇంజన్ పైభాగమైన హెడ్ పక్క నుంచి ఆయిల్ కారుతుంది. ఆ తర్వాత ఆయిల్ ప్రెషర్ స్విచ్. బ్లాక్‌కి బిగించి, వైరు తగిలించి ఉండే చిన్న ముక్క అది. వైరు కనెక్టర్ ఊడదీసి చూస్తే లోపల ఆయిల్ తడి ఉందంటే స్విచ్ మార్చాల్సిందే. ఫిల్టర్ చుట్టూ తడి ఉంటే చివరి సర్వీసు ఎప్పుడైందో గుర్తు తెచ్చుకోండి. సర్వీసు తర్వాత మొదలైన లీకు అయితే ఫిల్టరో, డ్రెయిన్ బోల్టో అయ్యే అవకాశం ఎక్కువ. పాత ఫిల్టర్ రబ్బరు రింగు బ్లాక్‌కే అతుక్కుపోయి, దాని మీదే కొత్తది బిగించేస్తే ఆయిల్ ధారగా కారుతుంది.

బెల్టుల వైపు, క్రాంక్ పుల్లీ వెనక నుంచి ఆయిల్ చుట్టూ చిమ్మినట్టు ఉంటే అది ముందు వైపు ఆయిల్ సీల్ (తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పనే. దాని గురించి కింద చెప్తాను.

అట్టడుగున ఆయిల్ ఛాంబర్. మన ఊరి హంపుల మీద కడుపు గీసుకోని పాత కారు తక్కువే. ఛాంబర్ మీద సొట్ట, గీత, చీలిక ఉన్నాయేమో చూడండి. బండి కిందకి వెళ్లాలంటే జాకీ ఒక్కటే నమ్ముకుని దూరొద్దు. స్టాండ్‌లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాకే. స్టాండ్‌లు లేకపోతే గ్యారేజీలో పిట్ మీదో లిఫ్ట్ మీదో పెట్టించి చూడండి.

చివరగా, ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద బొట్టు వేలాడుతూ, పైనంతా పొడిగా ఉంటేనే ఫ్లైవీల్ (క్లచ్ బిగించి ఉండే బరువైన చక్రం) వైపు ఆయిల్ సీల్‌ని అనుమానించండి. అప్పుడు కూడా ఆ బొట్టు వాసన చూడండి. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ పోయినా అదే చోట కారుతుంది, కాకపోతే అది గేర్ ఆయిల్.

సీల్ మార్చే ముందు ఇంజన్ ఊపిరి చూడండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. పిస్టన్ల పక్క నుంచి కిందికి జారే గ్యాస్ బయటికి పోవడానికి పీసీవీ వాల్వ్, బ్రీదర్ పైపు ఉంటాయి. అవి మడ్డితో మూసుకుపోతే క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గదిలో (క్రాంక్‌కేస్) ప్రెషర్ పెరిగి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నుంచి ఆయిల్‌ని బయటికి తోస్తుంది. కొత్త సీల్ వేసినా కొన్నాళ్లకే మళ్లీ కారడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద పల్చటి కాగితం ముక్క పెట్టండి. మెల్లగా లోపలికి లాగినట్టు ఉంటే, లేదా కొద్దిగా వణికితే భయం లేదు. ఎగరగొట్టేలా గాలి తంతుంటే బ్రీదర్ పైపు విప్పి శుభ్రం చేయించండి, పీసీవీ వాల్వ్ మార్పించండి. అది చవక సామానే. అయినా గాలి అలాగే తంతుంటే పిస్టన్ రింగులు అరిగాయని అర్థం, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేయించాలి. అలాంటి ఇంజన్‌కి సీల్స్ మీద డబ్బు పెట్టడం వృథా.

మీ చేతులతో చేసుకోగలిగేది: ట్యాపెట్ కవర్ ప్యాకింగ్

ఆల్టో, వ్యాగన్ ఆర్, సాంట్రో లాంటి చిన్న పెట్రోల్ కార్లలో ఇది ఇంట్లోనే అయ్యే పని. ముందుగా ఆ కవర్ బోల్టుల్ని ఇంకాస్త బిగిద్దామని మాత్రం చూడకండి. గట్టిపడ్డ ప్యాకింగ్‌ని ఎంత నొక్కినా ఉపయోగం లేదు, కవరే వంగుతుంది లేదా హెడ్‌లో మర ఊడుతుంది.

చల్లటి ఇంజన్ మీద బ్యాటరీ నెగటివ్ తీసేయండి. అడ్డొచ్చే పైపులు, ప్లగ్ వైర్లు తీసే ముందు ఫోటో తీసుకోండి. కవర్ చుట్టూ దుమ్ము బ్రష్‌తో దులపండి, లేకపోతే అదంతా లోపల వాల్వుల్ని తెరిచే క్యామ్ మీద పడుతుంది. బోల్టులు విప్పి, కవర్‌ని అరచేత్తో పక్కల నుంచి తట్టి లేపండి. స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే అల్యూమినియం మీద గాటు పడి అక్కడే కొత్త లీకు మొదలవుతుంది. పాత ప్యాకింగ్ బయటికి వచ్చాక ఒకసారి వంచి చూడండి. కొత్తది రబ్బరు బ్యాండులా మడత పడుతుంది, పాతది అప్పడంలా పుటుక్కున విరుగుతుంది. లీకు ఎందుకొచ్చిందో ఆ ముక్కే చెబుతుంది.

రెండు వైపులా మెత్తటి గుడ్డతో జిడ్డు లేకుండా తుడవండి. కొత్త ప్యాకింగ్‌ని కవర్ గాడిలో పూర్తిగా కూర్చోబెట్టండి. ప్లగ్ గుంటల రింగులు విడిగా ఉంటే అవీ మార్చండి. సిలికాన్ పేస్టు చుట్టూ పూయడం మన గ్యారేజీల్లో ఉన్న పెద్ద దురలవాటు. మాన్యువల్ చెప్పిన మూలల దగ్గర, క్యామ్ క్యాప్ అతుకుల మీద చిన్న బొట్టు చాలు. ఎక్కువైన పేస్టు లోపలికి ఊడిపడి, ఛాంబర్‌లో ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడితే ఇంజనే పోతుంది. బోల్టుల్ని మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగింపు బలం) బిగించండి. ఇది చాలా తక్కువ టార్క్, చిన్న రాట్చెట్‌ని వేళ్లతో తిప్పినంత. పేస్టు వాడి ఉంటే ట్యూబ్ మీద రాసినంతసేపు ఆరనిచ్చాకే స్టార్ట్ చేయండి.

ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు విషయంలో చెప్పడానికి పెద్దగా లేదు. కొత్త ఫిల్టర్ రింగుకి కొత్త ఆయిల్ రాసి, రింగు తగిలాక చేత్తో మరో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. డ్రెయిన్ బోల్టు విప్పిన ప్రతిసారీ వాషర్ కొత్తది వేయించండి.

మెకానిక్‌కి ఇవ్వాల్సిన పనులు

ముందు వైపు క్రాంక్ సీల్, క్యామ్ సీల్ మార్చాలంటే టైమింగ్ వైపు విప్పాలి. ఆల్టో పాత ఇంజన్, సాంట్రో లాంటివి టైమింగ్ బెల్టు బండ్లు. ఆయిల్ తగిలిన రబ్బరు బెల్టు పాడవుతుంది, తెగితే దారి మధ్యలో ఆగిపోతారు, కొన్ని ఇంజన్లలో వాల్వులు కూడా వంగుతాయి. కాబట్టి సీల్స్, బెల్టు, టెన్షనర్ బేరింగు ఒకేసారి వేయించండి. విప్పే కూలి ఎలాగూ ఒకటే.

ఫ్లైవీల్ సీల్‌కి గేర్‌బాక్స్ దింపాలి. సీల్ ఖరీదు తక్కువ, బిల్లంతా కూలీయే. అప్పుడప్పుడూ పడే చుక్క అయితే, క్లచ్ మార్చే సమయం దాకా ఆగి రెండూ కలిపి చేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. క్లచ్ జారుతోందా, యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం పెరుగుతూ వేగం పెరగడం లేదా? అయితే ఆయిల్ క్లచ్ ప్లేటుకి చేరినట్టుంది, ఆగొద్దు.

సామాను మీరే కొనాలనుకుంటే టౌన్ హాల్ దగ్గర మొదలయ్యే జేసీ రోడ్డుకి వెళ్లండి. పార్కింగ్ దొరకదు, కేఆర్ మార్కెట్ మెట్రోలో దిగి నడవడం సుఖం. బండి పేరు, సంవత్సరం చెబితే సరిపోదు. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు, వీలైతే పాత సీల్ పట్టుకెళ్లండి. సీల్ ముఖం మీద 32 45 8 లాంటి మూడు అంకెలు ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. అవి సరిపోయాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. శివాజీనగర్‌లో పాత సామాను చవకగా దొరుకుతుంది, బాడీ పార్టులకు పర్వాలేదు. సీల్స్, ప్యాకింగులు మాత్రం సెకండ్ హ్యాండ్ కొనొద్దు.

గ్యారేజీలో మొదటి మాటే ఇలా ఉండాలి: "అన్నా, ఆయిల్ ఎక్కడ నుంచి వస్తోందో ముందు నాకు చూపించు, తర్వాత విప్పుదాం." కేఆర్ పురం, హోస్కోటే వైపు తెలుగు బాగానే నడుస్తుంది. మీరు తీసిన ఫోటోలు, అట్ట మీది చుక్కలు చూపించండి. పని తెలిసిన మెకానిక్ వాటిని చూసి సంతోషిస్తాడు. చూడకుండానే 'నాకు తెలుసు సార్' అనేవాడి దగ్గర బండి వదలొద్దు. పని అయ్యాక పాత సీల్ అడిగి తీసుకోండి. షాఫ్ట్ మీద పాత సీల్ ఒరుసుకున్న గాడి ఉంటే కొత్త సీల్‌ని కాస్త లోతు మార్చి కూర్చోబెట్టగలరేమో కూడా అడగండి.

ఇప్పుడే చేయించలేకపోతే

చిన్న లీకుతో కొన్ని నెలలు నడపడం తప్పేమీ కాదు, లెవెల్ చూస్తూ ఉంటే. వారానికోసారి డిప్‌స్టిక్, డిక్కీలో అదే గ్రేడు ఆయిల్ లీటరు డబ్బా. లీకు తగ్గుతుందని మరీ చిక్కటి ఆయిల్ పోయకండి, మాన్యువల్‌లో ఉన్న గ్రేడుల్లోనే ఉండండి. లీకు ఆపుతుందని అమ్మే సీసాల్లో రబ్బరుని ఉబ్బించే రసాయనం ఉంటుంది. గట్టిపడ్డ సీల్‌కి కొన్నాళ్లు పనికిరావచ్చు, చిరిగిన ప్యాకింగ్‌కి ఏమీ చేయదు.

పండక్కి ఊరెళ్లే ముందు అయితే నా సలహా వేరు. హైదరాబాద్ దాదాపు 570 కిలోమీటర్లు, హైవే మీద గంటల కొద్దీ వేగంగా నడిస్తే ఊళ్లో చుక్కగా కారేది ఎక్కువవుతుంది. చిత్తూరు వైపు వెళ్లేవాళ్లకు పలమనేరు దాటాక మొగిలి ఘాట్ లాంటి చోట ఎర్ర లైటు వెలిగితే కుటుంబంతో ఇబ్బంది పడతారు. వెళ్లే ముందు లెవెల్ పై గీత దగ్గర ఉంచి, ప్రతి 150, 200 కిలోమీటర్లకు ఆగినప్పుడు చూసుకోండి. ధారలాంటి లీకు అయితే బస్సెక్కండి.

బండికి 15 ఏళ్లు నిండుతుంటే ఆర్‌సీ పొడిగింపు కోసం ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీకి) వెళ్లాలి. ఆ తనిఖీకి వెళ్లకముందే ఈ పని ముగించుకోండి.

నేల మీది మరక

అసోసియేషన్ గ్రూపులో మీ స్లాట్ ఫోటో రాకముందే దీని సంగతి చూడండి. తడి మరక మీద రంపపు పొట్టో, పొడి ఇసుకో పోసి కాలితో అదిమి ఒక రాత్రి వదిలేయండి. ఊడ్చాక బట్టల సోడా, డిటర్జెంట్ పొడి కొద్ది నీళ్లతో ముద్దలా చేసి గట్టి బ్రష్‌తో రుద్ది, గుడ్డతో ఎత్తేయండి. పైపు పెట్టి కాలువలోకి కొట్టొద్దు. లీకు ఆగేదాకా కింద ఒక ట్రే పెట్టుకోండి. ఆయిల్ పీల్చిన పొట్టుని, ట్రేలో పడ్డ ఆయిల్‌ని మూత ఉన్న డబ్బాలో పెట్టి, వాడిన ఆయిల్ సేకరించే గ్యారేజీలో ఇచ్చేయండి.